‘డార్క్ ఏజ్’: మా క్లబ్బులో మూడు తీర్పులు

మెస్‌లో చారు మీద రోజూ గొడవ పడతాం. సినిమాల మీద, క్రికెట్ మీద సరే సరి. ఒక ఇంగ్లీషు నవల మీద రాత్రి రెండింటి దాకా గొడవ పడ్డం మాత్రం ఇదే మొదటిసారి. పియర్స్ బ్రౌన్ రాసిన ‘డార్క్ ఏజ్’ అది. 2019లో వచ్చింది, ఏడొందల పేజీలు దాటుతుంది. క్లబ్బులో నాతో పాటు ముగ్గురు చదివారు. ముగ్గురివీ మూడు తీర్పులు.

చదవని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ రకం కథల్ని స్పేస్ ఒపేరా అంటారు. పాటలేం ఉండవు. రేడియో సీరియళ్ళని అమెరికాలో సోప్ ఒపేరా అనేవారు. అరిగిపోయిన రాకెట్ కథల్ని ఎగతాళి చెయ్యడానికి 1941లో విల్సన్ టక్కర్ అనే రచయిత ఈ పేరు పెట్టాడు. తర్వాత ఎగతాళి పోయింది, పేరు ఉండిపోయింది. ఇప్పుడు గ్రహాల మధ్య యుద్ధాలు, రాజవంశాలు, ద్రోహాలు ఉన్న పెద్ద కథలన్నిటికీ అదే పేరు.

ఇందులో మనుషులు పుట్టుకతోనే రంగులుగా విడిపోయి ఉంటారు. పైన గోల్డ్‌లు, అట్టడుగున రెడ్‌లు. అంగారకుడి మీద గనిలో పనిచేసే డారో అనే రెడ్ కుర్రాడు గోల్డ్‌గా మారి, లోపల్నుంచి ఆ వ్యవస్థని కూలుస్తాడు. ‘రెడ్ రైజింగ్’, ‘గోల్డెన్ సన్’, ‘మార్నింగ్ స్టార్’ (2014 నుంచి 2016) ఈ కథే. మొత్తం డారోయే చెబుతాడు. నాలుగోది ‘ఐరన్ గోల్డ్’ (2018) పదేళ్ళ తర్వాత మొదలవుతుంది, చెప్పేవాళ్ళు నలుగురవుతారు. అయిదోదైన ‘డార్క్ ఏజ్’లో అయిదుగురు. డారో సైన్యం బుధగ్రహం మీద చిక్కుకుపోయి ఉంటుంది. అక్కణ్ణుంచి చివరి దాకా రక్తమే.

మొదటి తీర్పు మా రూమ్మేట్‌ది, వాడిది రాజాం. “యుద్ధం రాస్తే ఇలా రాయాలి” అన్నాడు. మూడు రాత్రుల్లో చదివీసేడు. వాడి ఫిర్యాదల్లా ఒకటే. డారో కథ మంచి పట్టులో ఉండగా ఇంకొకరి అధ్యాయం వచ్చి అడ్డం పడుతుందని.

రెండో తీర్పు బొబ్బిలి అమ్మాయిది. రూమ్మేట్ విసుక్కున్న ఆ అధ్యాయాలే తనకి ఇష్టం. ముఖ్యంగా లైసాండర్‌వి. అతను కూలిపోయిన పాత రాజవంశపు వారసుడు. మనకి వీరుడైన డారో అతని కళ్ళకి తన ఇల్లు కూల్చినవాడు. “మనకిది కొత్తేటి?” అంది తను. నాది విజయనగరం కాబట్టి ఆ మాట నాకే అని అర్థమైంది. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సైన్యం, మా విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. కోట దక్కదని తెలిశాక లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. కొద్ది రాత్రులకే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు. బొబ్బిలిలో ఇది పౌరుషం. మా ఊరి వైపు నిలబడి చూస్తే రాత్రివేళ దొంగచాటుగా చేసిన హత్య.

‘డార్క్ ఏజ్’లో హింస ఎందుకంత బరువనిపిస్తుందో నాకు అప్పుడు తెలిసింది. మొదటి మూడు పుస్తకాల్లోనూ చాలామందే చచ్చిపోతారు. కానీ చెప్పేవాడు ఒక్కడే కాబట్టి అవతలివాళ్ళు వట్టి శత్రువులు. ఇక్కడ ఇద్దరి వైపు నుంచీ చూస్తాం. ఎవరు పడిపోయినా మనకి తెలిసినవాళ్ళెవరో ఏడుస్తారు. అలాగని రాసిందంతా అవసరమే అనను. కొన్ని క్రూరత్వాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మూడోసారికి ఒళ్ళు జలదరించడం మానేసి పేజీలు తిప్పాలనిపిస్తుంది.

మూడో తీర్పు పలాస వైపు నుంచి వచ్చిన కుర్రాడిది. వాడు పుస్తకం సగంలోనే మూసేశాడు.

బుధగ్రహాన్ని మనుషులుండేలా మార్చడానికి పూర్వం వాడిన యంత్రాలుంటాయి. వాటితో వాతావరణాన్నే మార్చొచ్చు. శత్రువుని ఆపడానికి డారో సైన్యం వాటితో తుఫాను పుట్టిస్తుంది. అది అనుకున్న హద్దు దాటిపోతుంది. సముద్రం ఒక నగరం మీదికొచ్చేస్తుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాడు ఎనిమిదో తరగతి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. వాళ్ళ తోటా అందులో ఉంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. వాళ్ళ నాన్న మళ్ళీ నాటినవి ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నాయి.

“తుఫానుని పిలిచినోడు నాకు హీరో కాడ్రా” అన్నాడు.

నేను రచయిత తరఫున వాదించాను. ఆయన దాన్ని మెచ్చుకోలేదు, ఆ పాపం డారోని వదలదు, తుఫాను కింద చిక్కుకున్న లైసాండర్ కూడా మనకి కథ చెబుతాడు కదా అన్నాను. వాడు అంతా విని ఒకటే అడిగాడు. “అయిదుగురు సెప్తన్నారన్నావు. ములిగిపోయిన ఊరోల్లు ఒక్కరైనా ఉన్నారేటి ఆ అయిదుగురిలో?”

లేరు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. బొబ్బిలి అమ్మాయి కూడా మాట్లాడలేదు. కోట యుద్ధంలో రాజుల పేర్లు, పాపారాయుడి పేరు మాకిద్దరికీ నోటికొచ్చు. లోపల చచ్చిపోయిన పిల్లల్లో ఒక్క పేరైనా మాకిద్దరికీ తెలీదు.

అయినా ఈ పుస్తకం చదవమనే చెబుతాను. కాకపోతే నేరుగా ఇక్కణ్ణుంచి మొదలెట్టకండి, మొదటి నాలుగూ చదివి రండి. అయిదు గొంతులూ అలవాటవడానికి వంద పేజీలు ఓపిక పట్టండి. పెద్ద యుద్ధం వచ్చిన ప్రతిసారీ మా పలాస వాడి ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరికి అధ్యాయం దొరకలేదు? రచయిత అయిదు వైపుల నుంచి చూపించబట్టే ఆరో వైపు అడగాలని మనకి తోచింది. ఆ మేరకు ఈ పుస్తకం గొప్పదే.

తర్వాతి భాగం ‘లైట్ బ్రింగర్’ 2023లో వచ్చింది. మా రూమ్మేట్ అప్పుడే మొదలెట్టేశాడు. పలాస వాడు మాత్రం, “ముందు ఈ తుఫాను దాటనీరా” అంటున్నాడు.