వియన్నాలో ఒంటరి టిక్కెట్టు

మన యిళ్లలో నాటకానికి వెళ్లడమంటే ఒక చిన్న ప్రయాణమే. పిల్లలు, అత్తగారు, మరచెంబు, జంతికల డబ్బా అన్నీ కదలాలి. ఒక్కరే వెళ్లివచ్చామంటే "అయ్యో, తోడెవరూ దొరకలేదా?" అని జాలిపడతారు. వెళ్లినది ఆడమనిషైతే ఆ జాలిలో కాస్త అనుమానం కూడా కలుస్తుంది.

వియన్నా స్టేట్ ఒపేరాలో ఆ బెడద లేదు. అక్కడ సుమారు 1,700 సీట్లు గాక, నిలబడి చూసేవారికని 400కు పైగా చోట్లున్నాయి. మంచి సీటు ధరలో చిన్న భాగం పెడితే చాలు. విద్యార్థులు, పింఛను పుచ్చుకునేవారు, దారిన పోతూ ఆగిన యాత్రికులు చేరతారు, చాలామంది ఒక్కొక్కరే. చోటు పట్టినందుకు గుర్తుగా ముందున్న కమ్మీకి మెడలో స్కార్ఫు కట్టి బయటికి పోవడం అక్కడ యేళ్ల తరబడి నడిచిన ఆచారం. మన రైళ్లలో కిటికీలోంచి తువ్వాలు వేయడం లాంటిదే కాబోలు!

ఆ భవనానికీ ఒక విషాదకథ వుంది. కట్టిన యిద్దరు శిల్పులనూ వూరంతా యెగతాళి చేసింది. వారిలో వాన్ డెర్ న్యుల్ 1868లో వురి పోసుకున్నాడు. రెండో ఆయన జికార్డ్స్‌బుర్గ్ కొద్ది వారాలకే పోయాడు. 1869 మే 25న తెర లేచేసరికి చూడ్డానికి యిద్దరూ లేరు. 1945 మార్చిలో బాంబులు పడి చాలాభాగం కాలిపోతే, పదేళ్లు శ్రమపడి 1955 నవంబరు 5న మళ్లీ తెరిచారు.

మా అమ్మాయీ అల్లుడూ ఆ వూళ్లో వుద్యోగాలు చేస్తున్నారు. పనిదినాల్లో వాళ్లకు తీరిక వుండదు. నేనా, పద్యనాటకమంటే చెవి కోసుకునే మనిషితో ముప్ఫయి యేళ్లు కాపరం చేసినదాన్ని. ఆయన పక్కన కూర్చుంటే, రాబోయే పద్యం నటుడి నోటికంటె ముందే నా చెవిలో పడేది. ఆయన పోయాక నాటకమన్నదే చూడలేదు. ఒక మంగళవారం సాయంత్రం ధైర్యం చేసి వెళ్లాను.

ఆనాటి ఆట పుచ్చీని రాసిన 'లా బోయెమ్'. పారిస్‌లో మేడమీది గదిలో చలికి వణికే కవి రొడోల్ఫో, కుట్టుపనితో పొట్ట పోసుకునే మిమీ, వాళ్ల ప్రేమ, ఆమెకు క్షయ. కథ యింతే. పాట ఇటాలియన్‌లో నడుస్తుంది గాని, యెదురుగా వున్న చిన్న తెరమీద మాటల అర్థం వస్తూ వుంటుంది. తోడు లేని లోటు ఆ పలక కొంత తీర్చింది. కాకపోతే అది నవ్వదు, నిట్టూర్చదు.

మైకు లేదు! అన్ని వాద్యాలను దాటుకుని ఒక్క గొంతు పైఅంతస్తు దాకా యెలా వస్తుంది? వాద్యబృందం బలమంతా సుమారు 500 కంపనాల దగ్గర వుంటుందట. సాధన చేసిన గాయకుడి గొంతులో 3,000 కంపనాల ప్రాంతాన ప్రత్యేకమైన మోత పుడుతుంది. వాద్యాలు అక్కడ బలహీనం, మన చెవి అక్కడే చురుకు. మైకులు రాకముందు మన పద్యనాటకాల వాళ్లూ గొంతునే నమ్ముకున్నారు కదా. వాళ్లకు 'వన్స్‌మోర్' కూడా వుండేది. చచ్చిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేదని చెప్పుకునేవారు. ఇటలీలోనూ ఆ పిచ్చి వుండేది. 1896లో యీ ఆటను టూరిన్‌లో తొలిసారి నడిపించిన టొస్కనీని, తరువాత మిలాన్‌లో ఆ అలవాటుతో గట్టిగా పోరాడాడు.

మిమీ చనిపోయే ఘట్టంలో మాత్రం వన్స్‌మోర్ అడగాలని యెవరికీ తోచదు. గదినిండా స్నేహితులే. ఒకడు మందుల కోసం తన కోటు అమ్మడానికి పోతాడు, ఒకామె చెవుల పోగులు ఇచ్చేస్తుంది. చలికి కొయ్యబారిన చేతులు వెచ్చబడ్డాయని మిమీ సంతోషిస్తుంది. ఆ సందట్లో ప్రాణం యెప్పుడు పోయిందో యెవరూ చూడరు. ముందు ఒక స్నేహితుడు గమనిస్తాడు. అందరికంటె ఆఖరున తెలిసేది రొడోల్ఫోకే, అదీ మిగతావాళ్ల మొహాలు చూసి.

మా యింట్లోనూ ఆ రోజు మంచం చుట్టూ పదిమందిమి వున్నాం. కాఫీ కలపడానికి లేచింది నేను.

పక్కన అమ్మాయి వుంటే కళ్లు తుడుచుకుని "ఏమీ లేదే, నలక పడింది" అనేదాన్ని. అక్కడ యెవరికీ యేమీ చెప్పనక్కరలేకపోయింది. అటుపక్క కాలేజీ కుర్రవాడు, యిటుపక్క నా యీడు ఆస్ట్రియా ఆవిడ, యిద్దరూ కమ్మీ పట్టుకుని తెరవంకే చూస్తున్నారు. తెర పడ్డాక మిమీ నవ్వుతూ వచ్చి నమస్కరించింది. చప్పట్లు ఆగవే!

మొదటిసారి వెళ్లేవారికి ఒక మాట. సంగీతం రెండు గంటలలోపే అయిపోయే యిలాంటి ఆట యెంచుకోండి. వాగ్నర్ ఆటలు కొన్ని నాలుగు గంటలు దాటుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు వాటి జోలికి నిలబడి పోకూడదు. కథ ముందే చదివి వెళ్లండి. వేళకు చేరండి, ఆలస్యంగా వచ్చేవారిని ఆట మధ్యలో రానివ్వని కట్టుదిట్టం అక్కడ మాలర్ కాలంలో బిగిసింది.

ఇంటికి చేరేసరికి అమ్మాయి వీధివాకిట్లోనే వుంది. "ఒక్కదానివే యెలా గడిపావమ్మా? శనివారం అందరం కలిసి వెడదాం, సీట్లు నేను చూస్తాను" అంది. సరేనన్నాను. గురువారం మళ్లీ నిలబడే టిక్కెట్టు ఒకటి తీసుకుందామనుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.