ఇంటి కార్ఖానాలో పాత లేత్

తిరుగుతున్న వస్తువుకు ఉలిని ఆనించి గుండ్రంగా చెక్కే సాధనం తెలుగువారికి కొత్తది కాదు. దానికి తరిమెన అని పేరు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను ఈ విధంగా చెక్కి లక్కబొమ్మలు తయారుచేసే కళ నేటికీ సజీవంగా ఉంది. కర్రకు బదులుగా ఇనుము, ఉక్కు, ఇత్తడి వంటి లోహాలను చెక్కగల తరిమెనే లేత్ యంత్రం. దీనిని సాధారణంగా కర్మాగారాలలోను, మరమ్మతు దుకాణాలలోను చూస్తాం. కాని బ్రిటన్‌లో ఇది ఇళ్ల పెరటి గదులలోకి కూడా ప్రవేశించింది. డెబ్బై ఎనభై ఏళ్లనాటి లేత్‌లను స్వయంగా బాగుచేసుకొని, వాటితో పని చేసుకునే ఔత్సాహికులు అక్కడ ఉన్నారు. పాత యంత్రాన్ని కొత్తదిగా కనిపించేటట్లు చేయడం వేరు, నిక్కచ్చిగా పనిచేసేటట్లు చేయడం వేరు. ఈ భేదాన్ని గుర్తించడంలోనే వారి విద్య అంతా ఇమిడి ఉంది.

లేత్ చరిత్రలో హెన్రీ మాడ్‌స్లే (1771–1831) పేరు చిరస్మరణీయం. ఆయనకు పూర్వం లోహపు పనిలో టూల్‌ను చాలావరకు చేతితోనే పట్టుకొనేవారు. అందువల్ల ఒక బోల్టుకు సరిపోయిన నట్టు మరొక బోల్టుకు సరిపోయేది కాదు. మాడ్‌స్లే 1800 ప్రాంతంలో నిర్మించిన లేత్‌లో టూల్‌ను పట్టి ఉంచే స్లైడ్, దానిని సమవేగంతో నడిపే లీడ్ స్క్రూ, వేగాన్ని మార్చే పళ్ల చక్రాలు ఒకేచోట చేరాయి. దీనితో ఒకే కొలతగల మరలను మళ్లీ మళ్లీ కోయడం సాధ్యమయింది. యంత్రభాగాలు ఒకదానికి బదులు మరొకటి అమరే విధానానికి ఇది బలమైన పునాది.

కాలక్రమంలో ఈ యంత్రం చిన్నదై ఇళ్లకు చేరింది. ఆవిరి యంత్రాల నమూనాలను ఇంట్లో తయారుచేసే అభిరుచి బ్రిటన్‌లో బాగా వ్యాపించింది. అటువంటి వారి కోసం 1898లో ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక ప్రారంభమయింది. నాటింగ్‌హామ్ సమీపంలోని బీస్టన్‌లో 1934లో స్థాపితమైన మైఫర్డ్ సంస్థ, 1946లో ఎం.ఎల్.7 అనే చిన్న లేత్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. సుమారు ఏడు అంగుళాల వ్యాసంగల వస్తువును దానిపై తిప్పవచ్చు. ఆనాటి లేత్‌లు ఎన్నో నేటికీ ఇళ్లలో పనిచేస్తున్నాయి.

లేత్ నిర్మాణం స్థూలంగా సులభమైనదే. పోత ఇనుముతో చేసిన పొడవైన బెడ్ దీనికి ఆధారం. ఎడమవైపు హెడ్‌స్టాక్ ఉంటుంది. అందులో తిరిగే ఇరుసుకు బిగించిన చక్ వస్తువును పట్టుకుంటుంది. కుడివైపున ఉండే టెయిల్‌స్టాక్ పొడవైన వస్తువుల రెండవ కొసకు ఆసరా ఇస్తుంది. ఈ రెండింటి నడుమ టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే భాగం క్యారేజ్. క్యారేజ్ సరళరేఖలో జరిగితేనే వస్తువు సమంగా తయారవుతుంది. కనుక లేత్‌కు ప్రాణం బెడ్ అని చెప్పవచ్చు.

అయితే బెడ్ అంతటా ఒకే విధంగా అరగదు. చిన్న చిన్న వస్తువుల పని అధికంగా చక్ సమీపంలోనే జరుగుతుంది. అందువల్ల అక్కడ అరుగుదల ఎక్కువ, కుడి కొసన తక్కువ. దీనిని గుర్తించడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. చక్ సమీపంలో క్యారేజ్ వదులును స్క్రూలతో సరిచేసి, దానిని కుడివైపునకు జరపాలి. అరగని భాగానికి చేరేసరికి అది బిగుసుకుపోతే, బెడ్ అరిగిందని అర్థం. ఈ పరీక్ష చేయకుండా రంగు మాత్రమే వేసినవాడు లోపాన్ని కప్పిపుచ్చినవాడే అవుతాడు.

కనుక పునరుద్ధరణలో మొదటి పని కొలవడం. విప్పిన ప్రతి భాగాన్ని గుర్తు వేసి భద్రపరచడం రెండవ పని. జిడ్డును కిరోసిన్‌తో తుడుస్తారు. తుప్పు పట్టిన చిన్న భాగాలను బట్టల సోడా కలిపిన నీటిలో ముంచి, తక్కువ వోల్టేజి విద్యుత్తు పంపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని రుణధ్రువానికి, పనికిరాని ఉక్కు ముక్కను ధనధ్రువానికి కలపాలి. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి బాగా ఆడేచోట మాత్రమే దీనిని చేయాలి. క్యారేజ్ జరిగే తలాలను మాత్రం ఆకురాయితో గాని, గరుకు కాగితంతో గాని రుద్దరాదు. తుప్పుతోపాటు మిగిలి ఉన్న ఖచ్చితత్వం కూడా పోతుంది.

అరిగిన తలాన్ని సరిచేసే ప్రాచీన పద్ధతి స్క్రేపింగ్. నీలిరంగు పలుచగా పూసిన సర్ఫేస్ ప్లేట్‌ను ఆ తలానికి తాకిస్తే, ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది. ఆ మచ్చలను మాత్రమే స్క్రేపర్‌తో చెక్కి, మళ్లీ పరీక్షించాలి. మచ్చలు తలమంతటా సమంగా వ్యాపించేవరకు ఇదే పని. మరి ఆ సర్ఫేస్ ప్లేట్ సమతలంగా ఉన్నదని తెలిసేదెలా? మాడ్‌స్లే వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో దీనికి సమాధానాన్ని వివరించాడు. రెండు ఫలకాలు మాత్రమే ఉంటే ఒకటి ఉబ్బెత్తుగా, మరొకటి గుంటగా ఉండి కూడా ఒకదానిలో ఒకటి ఇమడవచ్చు. మూడు ఫలకాలను జతలుజతలుగా, తిప్పి తిప్పి పోల్చుతూ చెక్కి, ప్రతి జతా సరిగా కలిసేటట్లు చేస్తే ఆ మూడూ సమతలాలే అవుతాయి. మరొక ప్రమాణం అవసరం లేకుండా, ఓర్పు నుంచే ఖచ్చితత్వం పుడుతుందని ఈ పద్ధతి చాటుతుంది.

చెక్కడమే అన్నివేళలా మార్గం కాదు. ఎం.ఎల్.7 తొలి నమూనాలలో క్యారేజ్‌కు బెడ్ ముందరి పట్టె మాత్రమే దారి చూపేది. ఆ పట్టె లోపలి అంచు అరిగినప్పుడు, బెడ్ వెనుక పట్టెకు ఎన్నడూ వాడుకలోకి రాని అంచు ఒకటి ఉన్నదని ఔత్సాహికులు గమనించారు. క్యారేజ్ ఆ అంచును ఆనుకొనేటట్లు ఒక ఉక్కు పట్టీని అమర్చి, దానికి కొత్త దారి ఏర్పరిచారు. అరిగినదాన్ని చెక్కడానికి ముందు అరగనిదాన్ని వెదకడం ఉత్తమ శిల్పి లక్షణం.

తరువాత యంత్రాన్ని నిలబెట్టాలి. బల్ల వంకరగా ఉంటే, బిగించిన బెడ్ కూడా స్వల్పంగా మెలిపడుతుంది. చక్‌లో ఒక లావు కడ్డీని బిగించి, రెండవ కొసకు ఆసరా లేకుండా, టూల్ అమరికను మార్చకుండా రెండు చివరలను పలుచగా కోసి, మైక్రోమీటర్‌తో కొలుస్తారు. వ్యాసాలలో తేడా కనిపిస్తే బెడ్ కాలి కింద పలుచని లోహపు రేకులను చేర్చి, తేడా పోయేవరకు పరీక్షిస్తారు.

ఇలా సిద్ధమైన యంత్రంతో మరలు కోయడం ఒక చక్కని గణిత పాఠం. ఎం.ఎల్.7 లీడ్ స్క్రూకు అంగుళానికి 8 మరలు ఉంటాయి. అంగుళానికి 16 మరలు కోయాలంటే, ఇరుసు రెండుసార్లు తిరిగినప్పుడు లీడ్ స్క్రూ ఒకసారి తిరిగేటట్లు చక్రాలను అమర్చాలి. మిల్లీమీటర్ల కొలతలో మరలు ఖచ్చితంగా కోయాలంటే 127 పళ్ల చక్రం కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కనుక 5 అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. 127 ప్రధాన సంఖ్య కాబట్టి చిన్న చక్రాలతో ఆ నిష్పత్తిని ఖచ్చితంగా సాధించలేము.

ఈ యంత్రం ఎంత ఉపయోగకరమో అంత ప్రమాదకరం కూడా. చక్ తాళంచెవిని అందులోనే మరచి మోటారు నడిపితే అది బాణంలా దూసుకువస్తుంది. వదులు దుస్తులు, చేతి తొడుగులు, ముడివేయని జుట్టు తిరిగే చక్‌లో చిక్కుకుంటే ప్రాణాపాయం కలుగుతుంది. కంటి అద్దాలు తప్పనిసరి. లోహపు పోగులను చేతితో తీయరాదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి దానిని పొడిగా గీకరాదు. పాత విద్యుత్ తీగలను నిపుణుని చేత మార్పించాలి.

బీస్టన్‌లోని ఆ కర్మాగారం 2011లో మూతపడింది. కాని అక్కడ పుట్టిన యంత్రాలు ఆగిపోలేదు. వాటిని నిలిపినది పోత ఇనుము బలం మాత్రమే కాదు, అరుగుదలను కొలవగల కన్ను, తొందరపడని చేయి. ఆ కన్ను, ఆ చేయి ఒక తరం నుంచి మరొక తరానికి అందకపోతే, ఎంత మంచి యంత్రమైనా చివరకు పాత ఇనుము ధరకే అమ్ముడవుతుంది. యంత్రాన్ని రక్షించడమంటే నిజానికి దానిని అర్థం చేసుకొనే విద్యను రక్షించడమే.