అన్నకు తెలిసిననాడే తమ్మునికి

చక్కగా చదువుకొను ఏడేండ్ల బాలుడు పిలిచిన పలుకక, వ్రాత తప్పుచుండిన, మనము పెంకితన మందుము. బడిపంతుళ్ల యిండ్లలో ఈ మాట మేము తఱచు వినుచుందుము. మిక్కిలి అరుదుగా అది అడ్రినోల్యూకోడిస్ట్రఫీ యను వంశపారంపర్య వ్యాధి కావచ్చును. కొందఱికి ముందుగా మేను నల్లబడును.

మెదడులోని నరముల తంతువులను క్రొవ్వుతో గూడిన తెల్లని పొర కప్పియుండును. 1993లో కనుగొనబడిన యొక జన్యువు చెడినచో, కొన్ని క్రొవ్వు ఆమ్లములు శరీరమున పేరుకొనును. కొందఱు బాలురలో ఆ పొర నశించును. బాలుడు ఇంకను ఆడుచు పాడుచుండగానే ఎం.ఆర్.ఐ. చిత్రమున ఈ చెఱుపు, తఱచుగా మెదడు వెనుకభాగమున, తెల్లని మచ్చగా కానవచ్చును. లోస్ గణనము ననుసరించి వైద్యులు దీనికి 0 నుండి 34 వఱకు అంకె వేయుదురు. అంకె స్వల్పముగా నున్నప్పుడే ఎముకమూలుగ మార్పిడి ఫలించును. చూపును నడకయు తప్పిన పిమ్మట పోయినది మరల రాదు. అందుచేతనే జన్యుదోషము తేలిన బాలురకు 3 ఏండ్లు మొదలు 12 ఏండ్ల వఱకు ఆఱు నెలల కొకసారి చిత్రము తీయింపుడని వైద్యులు చెప్పుచున్నారు.

దోషము మోయు తల్లికి పుట్టు ప్రతి కుమారునికిని అది వచ్చుటకు సగము అవకాశము గలదు. ఇంతమాత్రమున “కోడలు తెచ్చిన రోగ”మని నిష్ఠురమాడుట మాకు సమ్మతము గాదు. దోషముగల తండ్రి దానిని కుమార్తె లందఱికిని ఇచ్చును, కుమారులలో ఒక్కనికిని ఈయడు. ఆమెకు తండ్రివలననే వచ్చియుండవచ్చును. నడివయస్సున ఆమె కాళ్లును బిగిసికొనిపోవచ్చును. ఆ తగవు మాని, అన్నకు వ్యాధి తేలిననాడే తమ్మునికిని, తల్లి అక్కచెల్లెండ్ర మగబిడ్డలకును రక్తపరీక్ష చేయింపుడు.