ఎనిమిది లుంగీల బొంత

శుక్రవారం పొద్దున మా గదికి వస్తే, మంచాల మధ్య నేల మీద పాత గుడ్డలు పరుచుకుని చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు కనిపిస్తారు. పేకాట అనుకునేరు! మేము బొంత కుడుతున్నాం.

దోహాలో మనవాళ్లు సనయ్య అని పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు. సూదిపని మాకు నేర్పింది సిరిసిల్ల కాక. మరమగ్గాలను వాళ్ల ఊళ్లో సాంచాలంటారు. ఏళ్ల తరబడి సాంచాలు నడిపి, పని తగ్గాక సిమెంటు పనికి ఇక్కడికొచ్చాడు. 2020 మార్చిలో కరోనా వచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలో కొంతభాగం మూసేసినప్పుడు మేమూ లోపలే ఉండిపోయాం. అప్పుడే ఆయన పెట్టెలోంచి సూది బయటకొచ్చింది. పాత బెడ్‌షీటు చింపి గదిలో అందరికీ మాస్కులు కుట్టాడు. మే నెలలో మాస్కు తప్పనిసరి అని ప్రభుత్వం చెప్పేనాటికి మాకు తలా రెండున్నాయి.

బొంత సంగతి 2022 ఎండాకాలంలోది. మా షట్టరింగ్ తమ్ముడికి ఊళ్లో బిడ్డ పుట్టింది. వీసాకు చేసిన అప్పు తీరలేదు, సెలవు దొరకలేదు. జగిత్యాల వెళ్తున్న మనిషి "ఏమన్న పంపుతవా?" అని అడుగుతుంటే తప్పించుకు తిరిగాడు. కాక పిలిచి, "పసిపిల్లకు కొత్త బట్టెందుకురా? పాత మెత్తటి గుడ్డనే మంచిది. నీ లుంగీ ఇయ్యి" అన్నాడు.

ఒక్క లుంగీ చాలదు కదా. తలా ఒకటి ఇచ్చాం, ఎనిమిదయ్యాయి. డెట్టాల్ వేసిన వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, మెత్తటి భాగాలు కత్తిరించి నాలుగు పొరలు పరిచాం. ముడత లేకుండా లాగి, ముందు దూరం దూరంగా టాకాలు వేయాలి. లేకుంటే లోపలి గుడ్డ జరిగి ముద్దవుతుంది. తర్వాత అంచు నుంచి లోపలికి వరసగా దగ్గర కుట్లు. సుత్తి పట్టిన చేతుల్లో సూది నిలవదు. మొదటివారం కుట్లకంటే వేళ్లకు పోట్లే ఎక్కువ.

సూపర్‌వైజర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? గోడ వరసకు కట్టే దారం తెచ్చి కుట్లకు పట్టి చూశాం. కాక నవ్వాడు. "సార్, గోడ వంకరైతే కూలుతది. బొంత వంకరైతే పిల్ల నిద్రపోదా?"

జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. ఆ విరామంలోనూ కొంత కుట్టాం. మూడు వారాల్లో పూర్తయింది.

బొంత ఇల్లు చేరిన రోజు వీడియో కాల్ వచ్చింది. తమ్ముడి భార్య బొంత మీద ఒకచోట వేలు పెట్టి, "ఈ నీలిగళ్లది నీదే. నువ్వు పోయేటప్పుడు ఈ చినుగు నేనే కుట్టిన" అంది. తమ్ముడు గోడవైపు తిరిగాడు. మేము చాయ్ పెట్టే వంకతో బయటికి నడిచాం. కాసేపటికి వాళ్లత్త ఏ లుంగీ ఎవరిదో చూపించమంటే, ఎనిమిదిమందిమీ ఫోను ముందు వరసగా నిలబడ్డాం. ఇన్నేళ్లలో టీవీలు పంపాం, బంగారం పంపాం. మా ముఖాలు చూడాలని ఎవరూ అడగలేదు.

ఇప్పటికి అయిదు బొంతలయ్యాయి. ఆరోది పక్క గదిలో ఉండే బంగ్లాదేశ్ డ్రైవర్ మనవరాలికి. వాళ్ల దగ్గరా పాత చీరలతో కుడతారు, కాంథా అంటారు. మొన్న ఆయనొచ్చి మా పనితనం చూసి, సగం కుట్లు విప్పించాడు. కాక ఏమీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుని సూది ఆయన చేతికిచ్చాడు.