ఇంటివద్ద కూర్చుకొనే కంప్యూటరు: డబ్బు దేనిమీద పెట్టవలెను?

బండి కొనబోయే రైతు దానికి పూసిన రంగును చూసి బేరము కుదుర్చుకోడు. ముందు క్రిందికి వంగి ఇరుసును చూస్తాడు. చక్రమును తిప్పి, ఆడించి చూస్తాడు. నడిదారిలో బండిని కూలవేసేది రంగు కాదు, ఇరుసు అని అతనికి తెలుసు. విడిభాగములు కొని ఇంటివద్ద కంప్యూటరు కూర్చుకొనేవారికి కూడ ఈ చూపే కావలెను. కాని అంగడిలో తరచు జరిగేది దీనికి విరుద్ధముగా ఉంటుంది.

సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి వెళ్లి, "నా వద్ద ముప్పై అయిదు వేలు ఉన్నవి, మంచి కంప్యూటరు కావలెను" అని అడిగామనుకొందాము. మాట ప్రాసెసరుతో మొదలవుతుంది. తరువాత ర్యాము, ఎస్.ఎస్.డి., రంగురంగుల దీపములు వెలిగే క్యాబినెట్ వస్తాయి. చివర మిగిలిన చిల్లరతో ఎస్.ఎం.పి.ఎస్. వస్తుంది, ఒక్కొక్కప్పుడు అది క్యాబినెట్‌తోపాటు ఊరకనే వస్తుంది. గోడలోని కరెంటును కంప్యూటరుకు పనికివచ్చేటట్లు మార్చే పెట్టెయే ఈ ఎస్.ఎం.పి.ఎస్. మన బండికి ఇరుసు ఇదే.

తక్కువ డబ్బుతో నమ్మదగిన కంప్యూటరు కావలెనంటే, వేగమునకు కాక, కరెంటుకు, వేడికి సంబంధించిన భాగములకు ముందుగా డబ్బు తీసి పెట్టవలెను. ఈ సలహా వెనుక ఉన్న శాస్త్రము ఏమిటో చూద్దాము.

230 వోల్టుల నుండి ఒక వోల్టు వరకు

మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున దాని దిశ అటూ ఇటూ మారుతూ ఉంటుంది. కంప్యూటరు భాగములకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఎస్.ఎం.పి.ఎస్. ముందుగా ఇంటి కరెంటును ఏకముఖముగా మారుస్తుంది. అప్పుడు దాని పీడనము 325 వోల్టులు, లేక అంతకంటె ఎక్కువ ఉంటుంది. ఆ కరెంటును ట్రాన్సిస్టర్లు సెకనుకు పదుల వేలసార్లు తెంచి కలుపుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరులోనికి పంపుతాయి. అక్కడ పీడనము తగ్గి, తిరిగి ఏకముఖమై, నునుపు దేరి బయటికి వస్తుంది. 1995లో వచ్చిన ఏ.టి.ఎక్స్. ప్రమాణపు సాధారణ నియమము ప్రకారము 12 వోల్టుల తీగెలో అయిదు శాతమునకు మించిన తేడా ఉండరాదు. అనగా 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు.

పని అక్కడితో పూర్తి కాలేదు. ప్రాసెసరుకు కావలసినది సుమారు ఒక వోల్టు మాత్రమే. 12 వోల్టులను ఆ మేరకు దించే పని మదర్‌బోర్డుది. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. 1.2 వోల్టులవద్ద 65 వాట్లు తీసుకొనే ప్రాసెసరులోనికి 54 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. మన ఇంటి కప్పుకు వేలాడే 75 వాట్ల ఫ్యాను తీసుకొనేది ఆంపియరులో మూడవవంతు. గోరంత స్థలములోనికి అంతటి ప్రవాహమును క్షణక్షణమూ కొలిచి పంపుతూ ఉండవలెనంటే, దారిలోని ప్రతి భాగమూ గట్టిదై ఉండవలెను.

కెపాసిటరు ఆయువు

ఆ దారిలో మొదట ముసలిదయ్యే భాగము కెపాసిటరు. చెరువు వాననీటిని ఆపుకొని పొలమునకు నిలకడగా వదలినట్లు, ఇది కరెంటులోని ఎగుడుదిగుడులను తనలో దాచుకొని నిలకడగా వదులుతుంది. ఎస్.ఎం.పి.ఎస్.లోని పెద్ద కెపాసిటర్లలో అల్యూమినియము రేకుల నడుమ ఒక ద్రవములో తడిసిన కాగితము చుట్టబడి ఉంటుంది. వేడి తగిలినకొద్దీ ఆ ద్రవము అడుగున ఉన్న రబ్బరు బిరడా గుండా కొంచెము కొంచెముగా ఆవిరై పోతుంది. ద్రవము తగ్గితే లోపలి నిరోధము పెరుగుతుంది. నిరోధము పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ద్రవము మరింత త్వరగా పోతుంది. చివరకు కరెంటులోని నునుపు పోయి, కారణము తెలియకుండ కంప్యూటరు తనంతట తాను ఆగిపోవడము మొదలుపెడుతుంది.

వేడికి, రసాయన చర్యల వేగమునకు ఉన్న సంబంధమును స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటే అర్హీనియస్ 1889లో ఒక సూత్రముగా చెప్పారు. ఇంజనీర్లు కెపాసిటర్లకు వాడే లెక్క ఆ భావముమీద ఆధారపడినదే. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయువు రెండింతలవుతుంది; 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది.

ఒక కెపాసిటరుమీద 85 డిగ్రీలు, 2,000 గంటలు అని ఉన్నదనుకొందాము. మరొకదానిమీద 105 డిగ్రీలు, 2,000 గంటలు అని ఉన్నది. రెండింటినీ 65 డిగ్రీల వేడిలో పనిచేయించుదాము. మొదటిదానికి 20 డిగ్రీల వెసులుబాటు ఉన్నది గనుక ఆయువు నాలుగింతలై 8,000 గంటలవుతుంది. రెండవదానికి 40 డిగ్రీల వెసులుబాటు ఉన్నది. దాని ఆయువు పదహారింతలై 32,000 గంటలవుతుంది. రోజుకు ఎనిమిది గంటలు వాడే ఇంటిలో మొదటిది వేయి దినములలో, అనగా మూడేండ్లు నిండకముందే అలసిపోతుంది. రెండవది సుమారు పదకొండేండ్లు నిలుస్తుంది. రెండింటి వెలలో తేడా కొద్ది రూపాయలే. చవక పెట్టె ఎక్కడ చవక అయినదో దీనినిబట్టి తెలుస్తుంది.

మన ప్రాంతములో ఈ లెక్కకు మరింత ప్రాముఖ్యము ఉన్నది. వేసవిలో రామగుండములోను, రాయలసీమలోను బయటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గది వేడి 30 నుండి 40కి పెరిగితే పెట్టెలోపలి వేడి కూడ దాదాపు అంతే పెరుగుతుంది. కెపాసిటరు ఆయువు సగమవుతుంది. ఎస్.ఎం.పి.ఎస్.ల మీద కనిపించే '80 ప్లస్' అనే ముద్ర 2004లో మొదలైన పథకమునకు చెందినది. దాని పరీక్షలు సుమారు 23 డిగ్రీల వేడిలో జరుగుతాయి. ఆ ముద్ర చెప్పేది సామర్థ్యమును గురించి మాత్రమే. మన్నికను గురించి కాదు. అయినా సామర్థ్యమునకు విలువ ఉన్నది. కంప్యూటరు 200 వాట్లు వాడుతున్నప్పుడు, 80 శాతము సామర్థ్యము గల పెట్టె గోడనుండి 250 వాట్లు తీసుకొని, 50 వాట్లను తనలోనే వేడిగా మారుస్తుంది. 90 శాతము గలదానిలో వృథా అయ్యేది 22 వాట్లే. తక్కువ వేడి అంటే ఎక్కువ ఆయువు.

అట్టమీది అక్షరములు, లేబులుమీది అంకెలు

ఎస్.ఎం.పి.ఎస్. అట్టపెట్టెమీద పెద్ద అక్షరములతో '450 వాట్లు' అని ఉంటుంది. దానిని నమ్మి ఊరుకోరాదు. పెట్టె ప్రక్కన అతికించిన లేబులులో 12 వోల్టుల గడిని వెదకి, అక్కడి ఆంపియర్లను 12తో గుణించవలెను. నేటి కంప్యూటరులో ఎక్కువ శక్తి పోయేది ఆ తీగెలోనే. అక్కడ 36 ఆంపియర్లు అని ఉంటే లెక్క 432 వాట్లకు వస్తుంది. అట్టమీది మాట నిజమే. 15 ఆంపియర్లు అని ఉంటే వచ్చేది 180 వాట్లు మాత్రమే. మిగిలినది కాగితముమీది శక్తి. ఆ శక్తిని 40, 50 డిగ్రీల వేడిలో కూడ ఇవ్వగలదని తయారీదారు రాసి ఉంటే అది మంచి గుర్తు. పీడనము మితిమీరినప్పుడు, తీగెలు ఒకటికొకటి తగిలినప్పుడు తనంతట తాను ఆగే రక్షణలు ఉన్నవా అని కూడ చూడవలెను. ఈ రక్షణలు లేని పెట్టె చెడిపోయేటప్పుడు తాను ఒక్కతే పోక, మదర్‌బోర్డును, డిస్కును వెంటబెట్టుకొని పోవచ్చును.

ఇంతకు మనకు కావలసిన శక్తి ఎంత? ప్రాసెసరుమీద 65 వాట్లు అని ఉన్నా పని ఎక్కువైనప్పుడు అది అంతకు మించి తీసుకొంటుంది. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 తరగతి 65 వాట్ల ప్రాసెసర్లకు పెట్టిన పరిమితి 88 వాట్లు. మదర్‌బోర్డు, ర్యాము, ఎస్.ఎస్.డి., ఫ్యాన్లు కలిపి మరొక 40 వాట్లు వేసుకొందాము. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరుకు మొత్తము 130 వాట్లు దాటదు. కాబట్టి నిజమైన 450 వాట్ల పెట్టె చాలును. అది సగము బరువు కూడ మోయనవసరము లేదు గనుక చల్లగా ఉంటుంది. 750 వాట్ల నాసి పెట్టెకంటె 450 వాట్ల మంచి పెట్టె మేలు.

పెట్టె ఎంత మంచిదైనా దానికి ఎర్తు కావలెను. క్యాబినెట్‌ను తాకితే చేయి జిల్లుమనడము చాల ఇండ్లలో అనుభవమే. కరెంటులోని అలజడిని వడగట్టే చిన్న కెపాసిటర్ల నుండి కొద్దిపాటి విద్యుత్తు లోహపు పెట్టెకు చేరుతుంది. ఎర్తు ఉంటే అది భూమిలోనికి పోతుంది. లేకపోతే మన చేతికి తగులుతుంది. కంప్యూటరు కొనేముందు మూడుకన్నుల ప్లగ్గులో ఎర్తు సరిగా ఉన్నదా అని ఎలక్ట్రీషియన్‌చేత చూపించుకొనవలెను. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందులో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చును.

ఎక్కడ తగ్గించుకొనవచ్చును?

మంచి ఎస్.ఎం.పి.ఎస్.కు రెండు మూడు వేలు పోతే, ఆ డబ్బు ఎక్కడినుండి తేవలెను? మొదట క్యాబినెట్‌లోని దీపములనుండి తేవచ్చును. గాలి ముందునుండి వచ్చి వెనుకకు పోయే దారి, దుమ్మును ఆపే జాలి ఉన్న సాదా పెట్టె చాలును. ముందుభాగము పూర్తిగా అద్దముతో మూసిన పెట్టె అందముగా ఉంటుంది కాని, లోపల వేడి నిలుస్తుంది.

రెండవది గ్రాఫిక్స్ కార్డు. చదువుకు, ప్రోగ్రాములు రాయడమునకు, లెక్కలకు అది అవసరము లేదు. ప్రాసెసరులోనే ఉండే చిత్రవిభాగము చాలును. అయితే ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అనే అక్షరము ఉంటే ఆ విభాగము పనిచేయదు. అది తెలియక కొన్నవారికి తెరమీద బొమ్మ రాదు.

మూడవది ప్రాసెసరు. సరిగా వాడిన ప్రాసెసరు చెడిపోవడము అరుదు గనుక, అన్ని భాగములలో దీనిని పాతది కొనడము తక్కువ ప్రమాదము. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. ఇంటెల్ 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని, మితిమీరిన వోల్టేజివల్ల క్రమముగా దెబ్బతింటున్నట్లు 2024లో బయటపడినది. ఆ సంవత్సరము ఆగస్టులో కంపెనీ దిద్దుబాటు విడుదల చేసి, వారంటీని మరి రెండేండ్లు పొడిగించినది. ఆ దిద్దుబాటు ఇకముందు జరిగే నష్టమును ఆపుతుందే కాని, జరిగినదానిని పూడ్చదు. ఆ తరముల ప్రాసెసర్లను పాతవి కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. మన పాఠమును ఇదికూడ బలపరుస్తున్నది: ఇక్కడ కూడ చెరపు చేసినది కరెంటే.

మదర్‌బోర్డులో మాత్రము మరీ చవకకు దిగరాదు. ప్రాసెసరు చుట్టూ ఉండే కరెంటు భాగములమీద వేడిని చెదరగొట్టే లోహపు దిమ్మెలు, ద్రవము లేని ఘన కెపాసిటర్లు ఉన్నదానిని ఎంచుకొనవలెను. వాడినదానిని ఎస్.ఎం.పి.ఎస్. విషయములో అసలే కొనరాదు. దాని ఆయువులో ఎంత కరిగినదో పైకి కనిపించదు.

ఎస్.ఎస్.డి. అరిగిపోతుందని కొందరి భయము. 500 గిగాబైట్ల డ్రైవుమీద 300 టెరాబైట్ల వ్రాతకు హామీ ఉన్నదనుకొందాము. రోజుకు 30 గిగాబైట్లు వ్రాసినా అది పదివేల దినములు, అనగా 27 ఏండ్లు వస్తుంది. ఇంటి వాడకములో అరుగుదల భయము లేదు. కాని ఏ డ్రైవైనా ఒకనాడు చెప్పకుండ ఆగిపోవచ్చును. కాబట్టి అతి ఖరీదైన డ్రైవు ఒకటి కొనేకంటె, మధ్యరకము డ్రైవు ఒకటి, నకలు దాచుకొనడమునకు విడిగా మరొక డిస్కు కొనడము తెలివి.

మొదటి దినములు

యంత్రభాగములు చెడిపోయే తీరును గీతగా గీస్తే అది స్నానపుతొట్టి ఆకారములో ఉంటుంది. మొదట ఎత్తుగా ఉండి, నడుమ చాలకాలము అడుగంటి, చివర మళ్లీ పైకి లేస్తుంది. తయారీలో లోపమున్నవి మొదటి దినములలోనే బయటపడుతాయి. మిగిలినవి ముసలితనములో పోతాయి. అందుచేత కొత్త కంప్యూటరును మొదటి వారములోనే కష్టపెట్టి చూడవలెను. మెమ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రామును రాత్రంతా నడిపి ర్యామును పరీక్షించవచ్చును. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామును మార్చుకొనవలెను. ప్రాసెసరును ఒక గంట పూర్తి పనిలో ఉంచి వేడిని చూడవలెను. ప్రతి భాగమునకు నంబరు వేసిన బిల్లు తీసుకొని, సరిచూచుకొని, భద్రపరచుకొనవలెను. బిల్లు లేనిదే చాలచోట్ల వారంటీ మాట చెల్లదు.

ఇంటికి వచ్చిన కంప్యూటరు ఒక విద్యార్థికి మూడేండ్ల చదువు. ఒక గృహస్థునికి పిల్లల చిన్ననాటి ఫొటోలు. ఒక చిన్న దుకాణదారునికి ఏడాది పద్దులు. ప్రాసెసరు కొంచెము నెమ్మదిదైతే ఆయా పనులు రెండు నిమిషములు ఆలస్యమవుతాయి, అంతే. ఇరుసు విరిగితే బండిమీది సరుకంతా దారిపాలవుతుంది. కాబట్టి ఈసారి అంగడికి వెళ్లినప్పుడు జాబితాలో మొదటి పంక్తిగా ఎస్.ఎం.పి.ఎస్.ను రాసుకొనండి. లేబులుమీది ఆంపియర్లను పన్నెండుతో గుణించి చూసిన తరువాతనే మిగిలిన పంక్తులకు దిగండి.