టిక్కెట్టు కొన్నవారు, పెట్టుబడి పెట్టినవారు

కిందటి నెలలో మా సంఘం హాలులో కుటుంబాలవారందరం కలిసి 'హిడెన్ ఫిగర్స్' అనే అమెరికా చిత్రం చూశాము. 1960 ప్రాంతాలలో అమెరికా అంతరిక్ష సంస్థలో లెక్కలు కట్టి, రాకెట్ల దారిని నిర్ణయించిన ముగ్గురు నల్లజాతి స్త్రీల కథ అది. ఆట ముగిసి, కుర్చీలు సర్దుతూ వుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ, "కథ బాగుంది నాయనా. మరి దీనికి డబ్బెవరు పెట్టారు? వాళ్లేనా, దొరలా?" అని అడిగారు. మాలో ఒక్కరమూ వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. వెతికి చూడగా, ఆ ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర వున్నదని తెలిసింది. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

దొరలు చెప్పిన చరిత్ర

1915లో అమెరికాలో 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే మూగచిత్రం విడుదలయింది. అంతర్యుద్ధం, దాని తరువాత బానిసత్వం తొలగిన దినాలూ అందులోని కథ. నల్లవారిని మృగాలుగాను, వారిని వేటాడిన ముసుగు ముఠాను వీరులుగాను అది చూపించింది. అధ్యక్షుడు విల్సన్ తన శ్వేతసౌధంలోనే దానిని వేయించుకుని చూశారు. నల్లవారి సంస్థలు ఊరూరా నిరసన తెలిపినా ప్రయోజనం లేకపోయింది. చిత్రం విపరీతంగా ఆడింది. అణగిపోయిన ముసుగు ముఠా ఆ సంవత్సరమే మళ్లీ తల ఎత్తింది.

సినిమాకు సినిమాతోనే జవాబు చెప్పాలని కొందరికి తోచింది. విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ వద్ద కార్యదర్శిగా పనిచేసిన ఎమెట్ స్కాట్ అందుకు పూనుకున్నారు. పెద్ద కంపెనీలు ముందుకు రాకపోగా, వాటాలు అమ్మి డబ్బు పోగు చేయాలని నిశ్చయించారు. తమ చరిత్ర తెరమీద నిజంగా కనబడుతుందని నమ్మి నల్లజాతి సామాన్యులు కూడబెట్టుకున్న డబ్బు తెచ్చి వాటాలు కొన్నారు. ఐతే డబ్బు చాలలేదు. క్రొత్త పెట్టుబడిదారులు వచ్చారు, వారితో క్రొత్త ఆలోచనలూ వచ్చాయి. 1918లో 'ది బర్త్ ఆఫ్ ఎ రేస్' అనే పేరుతో షికాగోలో విడుదలయినది బైబిలు కథలూ, ఒక జర్మన్ కుటుంబపు యుద్ధకథా కలిపిన అతుకుల బొంత. నల్లవారి కథ అందులో ఎక్కడో మూల మిగిలింది. చిత్రం విఫలమయింది, వాటాదారుల డబ్బు మునిగింది.

మొదటి పాఠం అప్పుడే తేలింది. డబ్బిచ్చినంత మాత్రాన చాలదు, పగ్గాలు ఎవరి చేతిలో వున్నాయన్నదే అసలు మాట.

రైతుల ముంగిట వాటాలు

ఆ పాఠాన్ని బాగా గ్రహించినవారు ఆస్కార్ మిషో. దక్షిణ డకోటాలో భూమి దున్ని, పంట పోగొట్టుకుని, తన జీవితాన్నే నవలగా వ్రాసి ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి ఆయన. లింకన్ అనే నల్లవారి చిత్ర సంస్థ ఆ నవలను తీస్తామని అడిగింది. దర్శకత్వం తనకే కావాలని ఆయన పట్టుపట్టడంతో బేరం తెగలేదు. అంతట మిషో తానే సంస్థ పెట్టారు. అయోవాలోని సూ సిటీ ప్రాంతంలో తన పుస్తకాలు కొన్న రైతుల ముంగిళ్లకే వెళ్లి వాటాలు అమ్మారు. వారిలో చాలామంది తెల్లవారే. 'ది హోమ్‌స్టెడర్' 1919లో విడుదలయింది.

అది మొదలు ముప్పయి ఏళ్లలో ఆయన సుమారు 40 చిత్రాలు తీశారు. ఒక చిత్రం పూర్తికాగానే రీళ్లు కారులో వేసుకుని ఊళ్లు తిరిగేవారు. హాళ్ల యజమానులకు రాబోయే చిత్రంలోని తారల ఫొటోలు చూపించి, ముందుగానే కొంత అడ్వాన్సు పుచ్చుకునేవారు. ఆ డబ్బే తరువాతి చిత్రానికి పెట్టుబడి. ప్రేక్షకులు, హాలు, నిర్మాత అందరూ ఒకే చిన్న వలయంలో వుండేవారు. అందుకనే ఇతరులు తాకని సంగతులు ఆయన తాకగలిగారు. 1920లో వచ్చిన 'వితిన్ అవర్ గేట్స్'లో నల్లవారిని మూకలు ఉరితీసిన దారుణాన్ని తెరమీద చూపించారు.

ఈ పద్ధతిలో లోపమూ వున్నది. డబ్బు చాలక హడావిడిగా తీసిన చిత్రాలు అవి. భద్రపరచేవారు లేక అనేకం నశించినవి. 'ది హోమ్‌స్టెడర్' ప్రతి నేడు ఎక్కడా లేదు. 'వితిన్ అవర్ గేట్స్' ఒక్క ప్రతి స్పెయిన్ దేశంలో, వేరే పేరుతో దొరికింది. అమెరికా పార్లమెంటు గ్రంథాలయంవారు 1993లో దానిని బాగుచేశారు.

మాల్కం ఎక్స్ కథ

పెద్ద కంపెనీ తలుపు తెరిచిన తరువాత ఏమి జరుగుతుందో 1992లో స్పైక్ లీకి తెలిసివచ్చింది. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ జీవితాన్ని తీయడానికి వార్నర్ బ్రదర్స్ కంపెనీ ఒప్పుకున్నది. విదేశీ హక్కులు అమ్మగా వచ్చినదానితో కలిపి సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లు సమకూడింది. ఆ కథకు ఈజిప్టు, మక్కా, దక్షిణాఫ్రికా చూపకపోతే అర్థం లేదని లీ పట్టుదల. మూడు గంటలకు తగ్గితే ఆ జీవితం ఇమడదని కూడా ఆయన వాదం. ఖర్చు 3 కోట్ల 30 లక్షలకు చేరింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. పెద్ద చిత్రాలు అనుకున్న వ్యయంలో పూర్తవుతాయని పూచీపడే కంపెనీలు అక్కడ వున్నాయి. ఖర్చు గీత దాటితే చిత్రాన్ని స్వాధీనం చేసుకునే హక్కు వాటికి వుంటుంది. లీ విషయంలో అదే జరిగింది. ఎడిటింగ్ గదిలో పని ఆగింది, పనివారిని తీసివేశారు. తన పారితోషికంలో అధికభాగం లీ అప్పటికే చిత్రంలో పోసి వున్నారు.

అప్పుడాయన తమవారిలో డబ్బున్నవారి ఇళ్ల తలుపులు తట్టారు. ఓప్రా విన్‌ఫ్రీ, మ్యాజిక్ జాన్సన్, మైకేల్ జోర్డాన్, జానెట్ జాక్సన్, ప్రిన్స్, ట్రేసీ చాప్‌మన్ మొదలైనవారు చెక్కులు వ్రాసి ఇచ్చారు. మ్యాజిక్ జాన్సన్ ఎంత ఇచ్చారో జోర్డాన్ చెవిని వేయగా, ఆయన అంతకు మించి ఇచ్చారని లీ తరువాత నవ్వుతూ చెప్పుకున్నారు. ఇవి అప్పులు కావు, లాభంలో వాటాలూ కావు, ఉత్త కానుకలు. మాల్కం జన్మదినమైన మే 19వ తేదీన, న్యూయార్కు హార్లెంలోని షాంబర్గ్ గ్రంథాలయంలో లీ ఈ సంగతి లోకానికి వెల్లడించారు. ఆ తరువాత కంపెనీ మెత్తబడింది. మూడు గంటల ఇరవై నిమిషాల చిత్రం, కోత పడకుండా, ఆ నవంబరులో విడుదలయింది. అమెరికాలో సుమారు 4 కోట్ల 80 లక్షలు వసూలు చేసింది.

ఈ కథలో సంతోషంతో పాటు చేదు కూడా వున్నది. చిత్రం దక్కింది కాని, కానుక ఇచ్చినవారికి అందులో హక్కు రాలేదు.

హాలు అద్దెకు తీసుకున్న పంతులుగారు

ఇథియోపియాలో పుట్టి, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన హైలే గెరీమా మరొక దారి తొక్కారు. బానిసల తిరుగుబాటు గురించిన 'సంకోఫా' చిత్రానికి డబ్బు కూడబెట్టడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. 1993లో బెర్లిన్ చిత్రోత్సవంలో చూపించిన తరువాత కూడా అమెరికాలో పంపిణీదారులు ముందుకు రాలేదు. దానితో వాషింగ్టన్‌లో ఒక హాలును తానే అద్దెకు తీసుకున్నారు. చర్చీలూ, విద్యార్థి సంఘాలూ, స్త్రీల సమాజాలూ నోటిమాటగా ప్రచారం చేశాయి. ఆట వారాల తరబడి సాగింది. అక్కడి వసూళ్లతో మరొక ఊరు, ఆ ఊరివారి సాయంతో ఇంకొక ఊరు, ఇలాగే చిత్రం దేశమంతా తిరిగింది. విశ్వవిద్యాలయానికి ఎదురుగా ఆ పేరుతోనే గెరీమా దంపతులు ఒక పుస్తకాల దుకాణం కూడా పెట్టారు. పెద్ద కంపెనీ చేయి పడలేదు కనుక చిత్రం మీద హక్కు వారిదిగానే నిలిచింది.

'విదేశాలలో ఆడదు'

ఇన్ని నిదర్శనాలు వున్నా కంపెనీలు ఎందుకు వెనుదీస్తాయి? వారి వాదం సాధారణంగా ఒకటే: నల్లవారి చరిత్ర విదేశాలలో ఆడదు. విదేశీ హక్కులు ముందుగా అమ్ముడుపోకపోతే పెట్టుబడి తగ్గుతుంది. పెట్టుబడి తగ్గితే ప్రచారం తగ్గుతుంది. ప్రచారం లేని చిత్రం ఆడక, వారి జోస్యమే నిజమవుతుంది.

'స్టార్ వార్స్' తీసి కోట్లు గడించిన జార్జ్ లూకాస్ అంతటివారికి కూడా ఈ మాట తప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడిన టస్కీగీ నల్లజాతి విమానవీరుల గురించి 'రెడ్ టెయిల్స్' తీస్తానంటే కంపెనీలేవీ డబ్బు పెట్టలేదు. ఆయన స్వంత సొమ్ము 5 కోట్ల 80 లక్షల డాలర్లు పెట్టి చిత్రం పూర్తిచేశారు. 2012 జనవరిలో విడుదలకు ముందు టెలివిజన్‌లో ఈ సంగతి బాహాటంగా చెప్పారు. అది విని చర్చీలవారు, సంఘాలవారు జట్లు జట్లుగా టిక్కెట్లు కొన్నారు. మొదటి మూడు రోజులలో దాదాపు 1 కోటి 90 లక్షలు వచ్చింది. మొత్తం మీద 5 కోట్లకు కొంచెం తక్కువగా ఆగిపోయింది.

మరుసటి సంవత్సరమే '12 ఇయర్స్ ఎ స్లేవ్' వచ్చింది. సుమారు 2 కోట్ల డాలర్లతో తీసిన ఆ బానిస కథ లోకమంతటా కలిపి 18 కోట్లు దాటింది. అందులో రెండు వంతులకు పైగా వచ్చినది విదేశాల నుంచే! 2014లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు కూడా పొందింది. మేము చూసిన 'హిడెన్ ఫిగర్స్' 2 కోట్ల 50 లక్షలతో తీసినది, 23 కోట్లు తెచ్చింది. హారియట్ టబ్మన్ అనే వీరనారి కథ 1994లోనే వ్రాసి సిద్ధంగా వుండగా, ఆ పాత్రకు తెల్లజాతి తార జూలియా రాబర్ట్స్ బాగుంటుందని ఒక కంపెనీ పెద్ద అప్పట్లో సలహా ఇచ్చారట! రచయిత గ్రెగరీ హోవర్డ్ చెప్పిన మాట ఇది. ఆ చిత్రం 2019 దాకా తెరకెక్కలేదు. ఎక్కిన తరువాత అమెరికాలోనే ఖర్చుకు రెండింతలు వచ్చాయి.

చూడటం ధర్మమా?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వున్నది. 'మనవాళ్ల చిత్రం, మొదటి వారమే చూడాలి, లేకపోతే ఇంకొకటి తీయనివ్వరు' అనే మాట అక్కడి ఇళ్లలో తరచు వినబడుతుంది. హాళ్ల యజమానులు శుక్ర, శని, ఆదివారాల వసూళ్లు చూసి చిత్రాన్ని వుంచటమో తీయటమో నిర్ణయిస్తారు కనుక ఆ మాటలో నిజం వున్నది. మరి చిత్రం బాగుండకపోతే? 'రెడ్ టెయిల్స్' గురించి ఈ తర్జనభర్జన గట్టిగానే జరిగింది. వీరుల మీద గౌరవంతో వెళ్లి, సంభాషణలు పేలవంగా వున్నాయని పెదవి విరిచినవారు వున్నారు. 1998లో ఓప్రా విన్‌ఫ్రీ తీసిన 'బిలవ్డ్'కు జనం రాలేదు. అమెరికాలో వసూలయినది 2 కోట్ల 30 లక్షలే, ఖర్చుకు చాలా దూరం.

మా అభిప్రాయం ఇది. దొరల చిత్రం ఒకటి పోతే, పోయినది ఆ ఒక్క చిత్రమే. తరువాతి దానికి ఆ పాపం అంటదు. నల్లవారి చారిత్రక చిత్రం ఒకటి పోతే, రాబోయే పది చిత్రాలకు అది సాకు. ఈ రెండు తూకపురాళ్లే అన్యాయం. ప్రేక్షకులు టిక్కెట్లు కొని ఈ అన్యాయాన్ని కొంత ఆపగలరు గాని తొలగించలేరు. ఎంత బాగా ఆడినా, తరువాతి చిత్రం మళ్లీ మొదటి మెట్టు నుంచే ఋజువు చేసుకోవలసి వస్తున్నది. పెట్టుబడి నిర్ణయించే గదులలో వారివారు కూర్చున్ననాడే తూకం సరిపడుతుంది. మెకిన్సే సంస్థవారు 2021లో లెక్కవేసి, నల్లవారికి ఎదురయ్యే ఈ అడ్డంకుల వల్ల అమెరికా చలనచిత్ర, టెలివిజన్ పరిశ్రమ ఏటా 1000 కోట్ల డాలర్లు పోగొట్టుకుంటున్నదని తేల్చారు. వ్యాపారధర్మంగా చూసినా అది నష్టమే.

ఐనా మాకు నచ్చిన ఉదాహరణ మరొకటి వున్నది. మార్టిన్ లూథర్ కింగ్ పాదయాత్రను గురించిన 'సెల్మా' 2015 జనవరిలో దేశమంతటా విడుదలయినప్పుడు, న్యూయార్కులోని నల్లజాతి వ్యాపారులు కొందరు చందాలు వేసుకుని, 27,000 మంది బడిపిల్లలకు ఉచితంగా చూపించడానికి ఏర్పాటు చేశారు. ఇతర నగరాలవారూ అందుకోగా, సంఖ్య 2,75,000కు పైబడింది. వసూళ్లకు వసూళ్లు, పిల్లలకు చరిత్ర. ఒక్క టిక్కెట్టుతో రెండు పనులు నెరవేరాయి.

ఇంతకూ ఆ పెద్దావిడ ప్రశ్నకు సమాధానం? 'హిడెన్ ఫిగర్స్'కు పెట్టుబడి పెద్ద కంపెనీదే అమ్మా. కాని ఆ కంపెనీకి ధైర్యం ఇచ్చినవారు వేరే వున్నారు. వాటాలు కొని డబ్బు పోగొట్టుకున్నవారూ, మిషో చేతికి అడ్వాన్సు ఇచ్చిన హాళ్లవారూ, గెరీమా కోసం ఇల్లిల్లూ తిరిగి చెప్పిన స్త్రీలూ, పిల్లలకు టిక్కెట్లు కొనిపెట్టిన వ్యాపారులూ, వందేళ్లుగా ఎవరి వంతు వారు వేస్తూ వచ్చారు. పరభాషా ప్రాంతంలో తరాలుగా వుంటూ, చందాలతో పత్రిక నడుపుకుంటున్న మనకు ఆ వంతు విలువ వేరే చెప్పనక్కరలేదు. వచ్చే నెల హాలులో 'సెల్మా' వేయిద్దామని మా కోరిక. పిల్లలను ముందు వరుసలలో కూర్చోబెడదాము.