గీత దాకా లేపవచ్చు
సైకిల్ హ్యాండిల్ ఎత్తుకు హద్దు గీసిన ఒక నిబంధన, ఆ ఎత్తునే కోసేసిన ఒక రంపం

సైకిల్ హ్యాండిల్‌ను కాస్త పైకి లేపుకుంటే మెడకూ మణికట్టుకూ నడుముకూ సుఖమేనా అన్నది ఈ ఆదివారం సంచికకు సంపాదక వర్గం అప్పగించిన ప్రశ్న. రోజువారీ పనుల మీద నెమ్మదిగా తిరిగేవారిలో ఎక్కువమందికి సుఖమే అని జవాబు చెప్పడానికి గడువులో సగం కూడా పట్టదు. అయితే ఎంతవరకు లేపవచ్చు, ఆ హద్దును ఎవరు ఏ లెక్కతో గీశారు అని ఆరా తీయబోతే విషయం రక్తి కడుతుంది. ఆ ఆరా వైద్యుల పుస్తకాల కన్నా ముందుగా అమెరికా సమాఖ్య నిబంధనావళిలోని 16వ శీర్షిక, 1512వ భాగం, 6వ సెక్షన్ దగ్గరికి తీసుకుపోతుంది. కొన్ని వాక్యాలకు మించని ఆ సెక్షన్ మొత్తం హ్యాండిల్ గురించే.

నిబంధనలో సుఖం అన్న మాట

1972 నాటి చట్టంతో ఏర్పడిన అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం, పిల్లలు వాడే వస్తువుల వల్ల కలిగే ప్రమాదాలను అరికట్టే అధికారాన్ని ఆధారం చేసుకొని సైకిళ్ల నిబంధనలను 1974లో తొలిసారి ప్రకటించి, సవరణల తర్వాత 1976 మే నెలలో అమల్లోకి తెచ్చింది. పిల్లల కోసమని మొదలైన నిబంధనలు పెద్దల సైకిళ్లకూ వర్తించడాన్ని జాన్ ఫారెస్టర్ అనే ఇంజనీరు కోర్టులో సవాలు చేయగా, 1977లో వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం కొన్నింటిని పక్కనపెట్టి ఎక్కువ భాగాన్ని నిలబెట్టింది. హ్యాండిల్ సెక్షన్ ఈనాటికీ నిబంధనావళిలో ఉంది.

అది మొదట పట్టించుకునేది స్టెమ్‌ను. హ్యాండిల్ కడ్డీని ముందు చక్రపు ఫోర్కుతో కలిపే మెడలాంటి భాగమే స్టెమ్. పాత పద్ధతిలో దాని కాడ ఫోర్కు పైగొట్టంలోకి దిగి, లోపలే బిగుసుకుంటుంది. ఈ రకాన్ని క్విల్ స్టెమ్ అంటారు. కాడను కనీసం ఎంత లోతు దించాలో తెలిపే చెరగని వలయమో గీతో దాని మీద ఉండాలనీ, ఆ గీత కాడ అడుగు నుంచి కాడ వ్యాసానికి రెండున్నర రెట్లకు తగ్గని ఎత్తున ఉండాలనీ, గీత కింద కనీసం ఒక వ్యాసమంత పొడవు వరకు లోహపు బలం తగ్గకూడదనీ, గీతను చెక్కడం వల్ల కాడ బలహీనపడకూడదనీ సెక్షన్ చెబుతుంది. పెద్దల సైకిళ్లలో తరచుగా కనిపించే కాడ వ్యాసం 22.2 మిల్లీమీటర్లు కాబట్టి, రెండున్నర రెట్లంటే 55.5 మిల్లీమీటర్లు, దాదాపు మూడు వేళ్ల వెడల్పు. హ్యాండిల్‌ను ఎంత పైకి లాగినా ఆ మూడు వేళ్ల మేర గొట్టంలోనే మిగలాలి. స్టెమ్ విడిగా 2000 న్యూటన్ల బలాన్ని, అంటే సుమారు 204 కిలోల బరువుకు సమానమైన తోపుడును, విరగకుండా తట్టుకోవాలన్నది మరో షరతు.

ఆ తర్వాతి వాక్యంలో అనుకోని మాట ఒకటి ఎదురవుతుంది: హ్యాండిల్ వల్ల సైకిల్ మీద అదుపు సుఖంగానూ క్షేమంగానూ ఉండాలి. సుఖం అంటే ఏమిటో నిబంధన నిర్వచించలేదు. వెంటనే కొలతలోకి దిగి, సీటును పూర్తిగా దించి, హ్యాండిల్ చివరలను పూర్తిగా ఎత్తినప్పుడు ఆ చివరలు సీటు కన్నా 406 మిల్లీమీటర్లకు, అంటే 16 అంగుళాలకు, మించిన ఎత్తున ఉండరాదని తేల్చింది. 1963లో ష్విన్ కంపెనీ తెచ్చిన స్టింగ్‌రే సైకిల్, దాన్ని అనుకరిస్తూ భుజాల దాకా లేచిన హ్యాండిళ్లతో వీధుల్లోకి వచ్చిన పిల్లల సైకిళ్లు గుర్తుంటే ఈ పై హద్దు అర్థమవుతుంది. విచిత్రమేమిటంటే కింది హద్దు అన్నది ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. సీటుకు జానెడు దిగువన హ్యాండిల్ ఉండి, తొక్కే మనిషి మెడ విరుచుకుని రోడ్డు చూడవలసి వచ్చినా ఈ కొలత దాన్ని పట్టించుకోదు. ఎత్తును ప్రమాదంగా లెక్కించి, దించడాన్ని లెక్కలోకే తీసుకోని ఈ ఏకపక్షం అమ్మకపు షాపుల అలవాటుకు కూడా చక్కగా కలిసివచ్చింది. తొక్కేవారిలో పందేలకు వెళ్లేవారు పిడికెడు మందే అయినా, ప్రదర్శనకు నిలబెట్టిన సైకిళ్లు మాత్రం పందెపు భంగిమలో వంగి ఉంటాయి.

గీత దాటితే ఏమవుతుంది

క్విల్ స్టెమ్ కాడ బోలుగా ఉంటుంది. దాని అడుగున ఏటవాలుగా కోసిన ఒక దిమ్మె, పైనుంచి కిందికి ఒక పొడవాటి బోల్టు ఉంటాయి. బోల్టును బిగిస్తే దిమ్మె పైకి లాగబడి, ఏటవాలు మీద పక్కకు జారి, గొట్టం లోపలి గోడను ఒరుసుకుని పట్టు ఇస్తుంది. గీత పైకి కనిపించేంతగా కాడను లాగినవారికి రెండు కీడులు పొంచి ఉంటాయి. మొదటిది మీటసూత్రం: లోపల మిగిలింది చిన్నముక్క, పైన లేచింది పొడుగుముక్క, హ్యాండిల్ మీద పడేది ఒంటిబరువు కాబట్టి, ఎత్తు గడ్డ దగ్గర సీటు మీంచి లేచి తొక్కే ప్రతిసారీ ఆ చిన్నముక్క గొట్టాన్ని పెళ్లగించినట్లు చేస్తుంది. రెండోది బయటికి కనిపించదు: ఫోర్కు పైగొట్టం పైభాగంలో బయటివైపు మరలు కోసి ఉంటాయి, అక్కడ గోడ మందం తక్కువ, దిమ్మె ఆ చోటికి చేరితే అది ఒత్తినచోట గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. ఇంత కథను ఒక్క గీతలో కుదించి, ఏ వివరమూ తెలియని మనిషికి కూడా కంటితో అందేలా చేయడంలో నిబంధన రాసినవారి తెలివి కనబడుతుంది. ఆ గీత హెచ్చరికే అయినా, అది కనిపించనంత వరకు ఉన్న ఎత్తంతా తొక్కేవాడి ఇష్టమని చెప్పే అనుమతి కూడా.

గీత పోయి రంపం వచ్చింది

ఆ అనుమతికి గండి కొట్టింది నిబంధన కాదు, కొత్త నిర్మాణం. జాన్ రేడర్ పేరిట 1992లో అమెరికాలో పేటెంటు పొంది, డయా కోంప్ కంపెనీ ద్వారా ఎహెడ్‌సెట్ పేరుతో బజారుకు వచ్చిన పద్ధతిలో ఫోర్కు పైగొట్టానికి మరలు ఉండవు. గొట్టం, తాను దూరివుండే ఫ్రేము ముందు గొట్టమైన హెడ్ ట్యూబ్‌ను దాటి పైకి పొడుచుకుని వస్తుంది. స్టెమ్ దానిలోకి దిగకుండా, దాన్ని బయటినుంచి ఉడుంపట్టు పడుతుంది. తయారీదారుకు ఇందులో లాభాలు ఎన్నో: బరువు తగ్గుతుంది, ఊగు తగ్గుతుంది, ఒక్కో ఫ్రేము కొలతకు ఒక్కో పొడవున మరలు కోసే బాధ తప్పుతుంది, రెండు పెద్ద పానాలు చేసే పనిని ఒక చిన్న ఎలెన్ కీ చేస్తుంది.

పోగొట్టుకున్నదల్లా ఎత్తు. క్విల్ స్టెమ్‌లో ఎత్తు కాడలో దాగి ఉండేది, కావలసినప్పుడు బయటికి తీసుకోవచ్చు. కొత్త పద్ధతిలో అది గొట్టపు పొడవులోనే ఉంది, ఆ పొడవును సైకిల్ అమ్మకముందే రంపంతో కోస్తారు. కోసిన గొట్టం మళ్లీ పెరగదు. కొనబోయేవాడి చేతుల పొడవు, వయసు, పాత నడుంనొప్పి ఏవీ తెలియకుండా ఎక్కడో ఫ్యాక్టరీలో తీసుకున్న నిర్ణయం అతడి వెన్నెముక మీద శాశ్వతమవుతుంది. కాలిఫోర్నియాలోని వాల్నట్ క్రీక్‌లో 1994లో రివెండెల్ సైకిల్ సంస్థను స్థాపించిన గ్రాంట్ పీటర్సన్ ఈ ధోరణికి ఎదురీదినవారిలో ముఖ్యుడు; హ్యాండిల్ సీటుతో సమంగానో, అంతకన్నా ఎత్తుగానో ఉండాలని వాదిస్తూ, జపాన్‌కు చెందిన నిట్టో కంపెనీ తయారుచేసే పొడవు కాడల క్విల్ స్టెమ్‌లను వాడుకలో నిలిపాడు. 2012లో వెలువడిన అతడి ‘జస్ట్ రైడ్’ పుస్తకం పందెగాళ్ల అలవాట్లను మామూలు జనం అరువు తెచ్చుకోవడం మీద గురిపెట్టినది. అతడి పట్టుదలలో కొంత మొండితనం ఉన్నా, ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: ఎవరి సౌకర్యం కోసం ఎవరి ఎత్తు కోయబడింది?

వంగి తొక్కే అలవాటు చరిత్రకు మిగిలిన చోటు కొంచెమే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌తో దాదాపు సమానమైన రెండు చక్రాల రూపం స్థిరపడింది. గాలిని చీల్చుకుపోవడానికి పందెగాళ్లు వంగారు. 1900లో ఏర్పడిన అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1934లో వెనక్కి వాలి తొక్కే సైకిళ్లను పందేల నుంచి తప్పించింది. 1970ల మొదట్లో పది గేర్ల సైకిళ్ల మోజుతో అమెరికన్ మధ్యతరగతి కూడా వంపు హ్యాండిళ్ల మీదికి వాలింది. 1993లో గ్రేమ్ ఒబ్రీ చేతులను ఛాతీ కిందికి ముడుచుకుని గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కగా, మరుసటి ఏడాదే ఆ భంగిమ నిషేధానికి గురైంది.

లేపితే ఒంటికి ఏమి జరుగుతుంది

హ్యాండిల్ దిగువన ఉంటే మొండెం ముందుకు వాలి, బరువులో ఒక భాగం అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలికీ ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శనిచ్చే అల్నార్ నాడి అరచేతి మూలలో ఒక ఇరుకు దారిగుండా సాగుతుంది; అక్కడ ఒత్తిడి ఆగకుండా పడితే ఆ రెండు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మొండెం వాలినకొద్దీ రోడ్డు చూడడానికి మెడను వెనక్కి విరవాలి. హ్యాండిల్‌ను లేపితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి, కాని బరువు మాయం కాదు, సీటు మీదికి మారుతుంది. పందెపు సైకిల్ సన్నని సీటు మీద నిటారుగా కూర్చున్నవారు గంటలోపే కొత్త నొప్పితో దిగడానికి కారణం ఇదే. హ్యాండిల్ ఎత్తు, సీటు వెడల్పు జంటగా మారవలసినవి.

మరీ లేపడానికీ మూల్యం ఉంది. వెన్ను పూర్తిగా నిలువైతే గతుకుల దెబ్బ నేరుగా వెన్నుపూసలకు తగులుతుంది. ముందు చక్రం తేలికై ఎత్తు మీద తడబడుతుంది. గాలికి ఛాతీ అడ్డం పడుతుంది. గాలి నిరోధం వేగపు వర్గంతో, దాన్ని ఎదిరించే శక్తి వేగపు ఘనంతో పెరుగుతాయి కాబట్టి, గంటకు 15 నుంచి 30 కిలోమీటర్ల వేగానికి వెళ్లేవాడు గాలితో పోరుకు ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి. 30 మీద తొక్కేవాడికి వంగడంలో న్యాయం ఉంది. కూరగాయల సంచితో 12 మీద వెళ్లేవాడు వంగితే దక్కే లాభం స్వల్పం, పడే బాధ మాత్రం పూర్తిగా అతడిదే.

ఇంకో సంగతి కొలతల్లో దాగి ఉంది. హెడ్ ట్యూబ్ నేలతో 73 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉందనుకుంటే, గొట్టం వెంట 30 మిల్లీమీటర్లు లేపిన హ్యాండిల్ దాదాపు 29 మిల్లీమీటర్లు పైకి, 9 మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. లేపడమంటే దగ్గరికి తెచ్చుకోవడం కూడా. ఎత్తు వల్ల కలిగిందనుకునే సుఖంలో కొంత ఈ దగ్గరితనపు చలవే. అందువల్ల హ్యాండిల్ కొద్దిగా లేచినా ఒంటికి తేడా తెలుస్తుంది, సెంటీమీటరు చొప్పున మార్చి కొన్నాళ్లు తొక్కి చూడడమే తెలివైన పద్ధతి. ఈ ఓపికకు చోటు మిగలాలంటే, కొత్త సైకిల్ గొట్టాన్ని పొడవుగానే ఉంచి, పైన మిగిలిన భాగాన్ని స్పేసర్లతో, అంటే ఉంగరాల్లాంటి బిళ్లలతో, కప్పి ఇమ్మని షాపులో అడగాలి. రంపం ఎప్పుడైనా దొరుకుతుంది.

బాక్సు 1: ఏ సైకిల్‌కు ఏ దారి

*క్విల్ స్టెమ్:* పై బోల్టును రెండు మూడు చుట్లు వదులుచేసి, దాని తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో తడితే అడుగు దిమ్మె ఊడి కాడ వదులవుతుంది. గీత కనిపించనంత వరకే లేపి, ముందు చక్రానికి సూటిగా నిలిపి బిగించాలి. చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పి చూస్తే పట్టు తెలుస్తుంది.

*మరలు లేని గొట్టం:* స్టెమ్ పైన స్పేసర్లు ఉంటే వాటిని కిందికి మార్చాలి. లేకపోతే స్టెమ్‌ను తిరగేయాలి. 73 డిగ్రీల హెడ్ ట్యూబ్ మీద 6 డిగ్రీల వంపు గల 100 మిల్లీమీటర్ల స్టెమ్‌ను తిరగేస్తే సుమారు 20 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. పైమూత బోల్టు పని బేరింగుల ఆటను తీయడం వరకే, స్టెమ్‌ను పట్టి ఉంచేవి పక్క బోల్టులు. కార్బన్ గొట్టమైతే స్పేసర్లకు తయారీదారు పెట్టిన హద్దు దాటరాదు.

*రెండింటికీ:* హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. బ్రేక్ వైరు బిగుసుకుంటే పొడవైనది వేయించాలి.

బాక్సు 2: నల్ల సైకిల్‌కు ఈ బెంగ లేదు

తెలుగు ఊళ్లలో పాలక్యాన్లనూ పచ్చగడ్డి మోపులనూ మోసిన నల్ల సైకిల్ ఇంగ్లండు రోడ్‌స్టర్ సంతతిదే. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్, 1956లో లూథియానాలో మొదలైన హీరో వంటి కంపెనీలు ఆ రూపాన్ని దశాబ్దాల పాటు నిలిపాయి. దాని హ్యాండిల్ పుట్టుకతోనే పైకి లేచి, తొక్కేవాడి వైపు వంగి ఉంటుంది. దాన్ని ఇంకా లేపడంలో ఒక చిక్కు మాత్రం ఉంది: బ్రేకులు వైర్లతో కాక కడ్డీలతో పనిచేస్తాయి కాబట్టి, హ్యాండిల్ లేస్తే కడ్డీ కూడా లేచి, బ్రేకు పట్టి ఉండిపోతుంది. కడ్డీ మధ్య కీలు దగ్గరి నట్టు వదులుచేసి పొడవు సర్దితే పని పూర్తవుతుంది. గేరు సైకిల్ షోరూములు డబ్బుకు అమ్మే నిటారు భంగిమను ఆ సైకిల్ అడగకుండానే ఇచ్చింది.